వడియాలకు ఎండ కావాలి

మే నెల మిట్టమధ్యాహ్నం మా అత్తగారు వజ్రమ్మ వడియాల పిండి గిన్నె చంకన పెట్టుకుని, చెప్పులు కూడా లేకుండా బెజవాడ నడివీధిలో నిలబడింది. ఆవిడ మహా కోపంగా ఉంది.

ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెప్పే హైమవతిగారు ఇరవై ఏళ్లు అందరితో పోరాడి, ప్రతి మేడ గోడకూ తీగలు పాకించి, డాబా నుంచి డాబాకు అల్లించి, ఊరంతటికీ ఆకుల కప్పు వేశారు. దాన్ని ఉంచాలో కొట్టేయాలో తేల్చడానికి ఆ రోజు ఒక పెద్ద అధికారి వచ్చాడు. హైమవతిగారు ఆయనకు మా వీధి చూపిస్తుంటే అత్తగారు అడ్డం వెళ్లింది.

"ఏమ్మా ప్రొఫెసరమ్మా, వడియాలు పెట్టుకుందామంటే ఊళ్లో చారెడు ఎండ లేదు. మొన్న పెట్టినవన్నీ బూజు పట్టాయి. ఏం చెయ్యమంటావు?"

హైమవతిగారి ఇరవై ఏళ్ల కష్టాన్ని మా అత్తగారు ఒక్క మాటతో ముంచేసిందనుకున్నాను.

అధికారి మా అత్తగారి ఉత్త కాళ్ల వంక, కింద తారు రోడ్డు వంక చూశాడు.

"మే నెలలో, బెజవాడలో, ఎండ లేదంటున్నారా?"

"ఒట్టు బాబూ! వారం నుంచి వెతుకుతున్నా."

ఆయన వేడి కొలిచే యంత్రాన్ని సంచిలోంచి బయటికి తియ్యనే లేదు. హైమవతిగారి వైపు తిరిగి, "మా గుంటూరుకీ ఇలాంటి కప్పు వెయ్యడానికి ఎప్పుడొస్తారమ్మా?" అన్నాడు.

హైమవతిగారు కళ్లు తుడుచుకుని, తీగలకు కట్టిన తాడు లాగి, మా వాకిలి మీది ఆకుల్ని చాపంత మేర పక్కకు జరిపారు. ఎండ నిలువుగా వచ్చి పడింది. దారినపోయేవాళ్లంతా నీడలో ఆగి దాన్ని వింతగా చూశారు.

అత్తగారు గబగబా గుడ్డ పరిచింది.

"అలా చూడకండర్రా! నా ఎండకి దిష్టి తగుల్తుంది."