బాక్సులో ఉన్నది ఉన్నట్టు

"మాస్టారూ, ఇది మామిడి పుస్తకమా, ఇంకేమన్నానా?" అన్నాడు చలపతిరావు, పద్నాలుగో పేజీని విసనకర్రలా ఊపుతూ.

గంగాధరం మాస్టారు ఉలిక్కిపడలేదు. దొరకాలనే రాశాడు మరి. చొక్కాకి రెండో గుండీ లేదు. ఇస్త్రీ అంతకన్నా లేదు. పొద్దున హోటల్లో తిన్న ఇడ్లీ తాలూకు చట్నీ చుక్క జేబు మీద ఎండిపోయి ఉంది.

నూజివీడులో చలపతిరావుది చిన్న ప్రెస్సు. రేపు రైతుల సభలో పంచడానికి ఐదొందల పుస్తకాలు కావాలి. పేరు 'మామిడి తెగుళ్లు, నివారణ'. రాసింది గంగాధరం. హైస్కూల్లో సైన్సు చెబుతాడు, ఎండాకాలం సెలవులు కనక ఇక్కడ కాపలా కాస్తున్నాడు. అక్షరాలు పేరుస్తున్నది అహల్య. కోడి గెలికినట్టుండే ఆ దస్తూరీని ఊరు మొత్తం మీద చదవగలిగింది ఆవిడొక్కతే.

రాతప్రతి నిండా మాస్టారు గుర్తులు పెట్టాడు. కింద ఒక గీత ఉంటే లావు అక్షరాలు. రెండు గీతలుంటే పెద్ద టైపు. ముందు నక్షత్రం ఉంటే కొత్త లైను. చుట్టూ బాక్సు గీస్తే మాత్రం, ఉన్నది ఉన్నట్టు పేర్చాలి. అక్షరం మార్చకూడదు. ఈ బాక్సు చలపతిరావు కుదిర్చిన రాజీ. అహల్యకి మాస్టారి వాక్యాలు దిద్దే జబ్బుంది. అదే ఊపులో మందు మోతాదులు కూడా దిద్దేస్తే తోటలు ఏంగాను?

పద్నాలుగో పేజీలో తేనెమంచు పురుగు మందు ఒక బాక్సులో ఉంది. దాని కిందే ఇంకో బాక్సు.

"అహల్య గారూ, తప్పయిపోయింది. ఆదివారం మొదటాటకి వస్తారా?"

"నాలుగింటికి ఈ పేజీ మిషనెక్కాలండీ!" అన్నాడు చలపతిరావు. "ఆవిడ తడిక అవతలే ఉంది. నోటితో అడగొచ్చుగా?"

"అడగొచ్చు. జవాబు రావద్దూ?"

"రేపు ఐదొందలమంది చదువుతారండీ బాబూ!"

"అవునో కాదో అనగానే తీసేయండి. ఏమీ అనకపోతే ఉండనివ్వండి. ఇంక నాకు పరువెందుకు?"

చలపతిరావు నెత్తి కొట్టుకుని పేజీ లోపలికి పట్టుకెళ్లాడు. అరగంటకి ప్రూఫు తెచ్చాడు. బాక్సులో పొల్లు కూడా మారలేదు. పక్కన ఎర్ర పెన్సిలుతో రాసుంది.

"ఏ తప్పు? వివరం లేదు."

మాస్టారి మొహం చేటంత అయింది. ఇన్నాళ్లూ కామాలు దిద్దడం తప్ప పలకని మనిషి, ఇవాళ ప్రశ్న వేసింది! గబగబా బాక్సులో పూరించాడు. "నలుగురూ భోజనానికి కూర్చున్నచోట మీ కొత్తావకాయలో ఉప్పెక్కువైందన్నాను."

చలపతిరావు మళ్లీ వెళ్లాడు. ఇంకో ఎర్ర పెన్సిలు రాతతో మళ్లీ వచ్చాడు.

"ఇది ముఖ్యమైన విషయం. కింద గీత లేదు. మరిచిపోయారా?"

గీశాడు. ఉండబట్టలేక రెండోదీ గీశాడు.

"ఈ వయసులో నాచేత రాయబారాలు చేయిస్తున్నారు," అని రొప్పుతూ వెళ్లాడు చలపతిరావు. అప్పటికి మూడూ పదిహేను.

ఈసారి తడిక అవతల చాలాసేపు టైపుల చప్పుడు వినిపించింది. మాస్టారు కూర్చోలేడు, నించోలేడు. వీధిలోకి నడిచి, చిన్నరసాల బుట్ట తట్టుకుని, ఆ బుట్టకే "సారీ అండీ" అని చెప్పి వెనక్కి వచ్చాడు. బుట్టగలామె పడీ పడీ నవ్వింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా మూడో ప్రూఫు వచ్చింది. చలపతిరావు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో ఆయనకి తెలియడం లేదు. కరపత్రాల హెడ్డింగులకి వాడే అతి పెద్ద టైపులో ఆవకాయా, ఉప్పూ పేజీ నిండా కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. పక్కన ఎర్ర పెన్సిలు: "చోటు చాలక పురుగు పదిహేనో పేజీకి వెళ్లింది."

బాక్సులో వేలు పెట్టకూడదు గదా. అందుకని బాక్సు కింద, మాస్టారి పద్ధతిలోనే నక్షత్రాలు పెట్టి మూడు లైన్లు పేర్చింది.

* వస్తాను.
* నేల టిక్కెట్టయితే రాను.
* ఉప్పు సరిపోయింది.

మాస్టారు ఎగిరి గంతేశాడు. చలపతిరావూ గంతేసేవాడే, లోపల మిషను తిరుగుతున్న చప్పుడు చెవిన పడకపోతే.

"అప్పారావ్! ఆపరా! ఆ పేజీ కాదు!"

"ఒక్కటే తీశానండీ," అన్నాడు మిషను తిప్పే అప్పారావు, తల బయటికి పెట్టి. "అహల్యమ్మగారే తియ్యమన్నారు. ఫైల్లో ఉండాలంట."

ఆ తరవాత పావుగంటలో పెద్ద టైపు విప్పేశారు. పురుగు క్షేమంగా పద్నాలుగో పేజీకి తిరిగొచ్చింది. సాయంత్రానికి ఐదొందల పుస్తకాలూ అచ్చయ్యాయి. ఒక్కదాంట్లోనూ ఉప్పు ఊసు లేదు. చలపతిరావు అందరికీ టీ తెప్పించి, తను రెండు తాగాడు.

అహల్య ఆ ఒక్క కాగితాన్నీ నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. బయటికొచ్చేసరికి మాస్టారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కమనే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. ఆవిడ ఊడిన గుండీ వైపు ఒకసారి చూసి, పెదవి బిగించి నవ్వాపుకుంది.

"ముందు కొట్టుకి పోనివ్వండి, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి," అంది అహల్య సైకిలు వెనక ఎక్కి కూర్చుంటూ, పదకొండేళ్లుగా కాపురం చేస్తున్న మొగుడితో పంతొమ్మిది రోజుల తరవాత మొదటిసారి నోరు విప్పి.