ఆర్గాన్‌లో ఆషాఢం

“స్లాట్ దొరికింది!”

ఫోనులో మెయిల్ చదివి నిరోష గంతేసింది. “హైదరాబాదు ల్యాబులో ఎల్లుండి నుంచి నెల రోజులు! పీహెచ్‌డీకి మిగిలిన ఒక్క ప్రయోగమూ అయిపోతుంది!”

వంటింట్లోంచి అత్త చెంచులక్ష్మి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. కొత్త కోడలి చేయి పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

సుధీర్ మాత్రం మంచం మీంచి లేవలేదు. పెళ్లై ముప్పై రోజులు. రేపటి నుంచి ఆషాఢం. ఆత్మకూరులోని పుట్టింటికని నిరోష పెట్టె నిన్ననే సర్దేసింది.

“నెల రోజులు నేనొకచోట, నువ్వొకచోట. నీకు గంతులెట్టా వస్తుండాయి?” అన్నాడు భార్యతో.

“నాలుగేళ్లుగా ఎదురుచూసిన కబురండీ ఇది!”

సుధీర్ నాయనమ్మ పిచ్చమ్మ తమలపాకు నమలడం ఆపింది. “ఏందే ఆ ప్రయోగం?”

నిరోష ఆమె పక్కన చతికిలబడింది. “ఆర్గాన్ అని ఒక గ్యాసు, అవ్వా. దాన్ని మంచులా గడ్డకట్టించి, లోపల ఒక అణువును ఇరికిస్తారు. దాని మీద లైటు వేస్తే అదీ వెలుగుతుంది. ఆర్గాన్ తీసేసి ఇంకో గ్యాసు పెడితే, అణువు అదే అయినా వెలుగు రంగు మారుతుంది.”

“ఇరుక్కున్నది కూడా వెలుగుతుందా?”

“వెలుగుతుంది. ఏ రంగులో అనేది చుట్టూ ఎవరున్నారన్న దాన్ని బట్టి.”

“అయితే ఈ నెలంతా నాది నల్లరంగే,” అన్నాడు సుధీర్.

“పెళ్లికి ముందు మాత్రం నీ మొగాన ఏం వెలుగుండాదిరా?” అంది పిచ్చమ్మ.

అందరూ నవ్వారు. సుధీర్ వదల్లేదు. “ఈ ఒక్కసారికి నిరోషను ఇక్కడే ఉండనీ అవ్వా.”

“కుదరదు. కొత్త కోడలూ అత్తా ఆషాఢంలో ఒక గడప దాటకూడదు. మా అత్త నన్ను పంపించింది, నేను మీ అమ్మను పంపించినాను. ఇద్దరూ ఒక ఇంట్లో ఉండేదే లేదు.”

“ఒకరు పోతే చాలు కదత్తా?” అడిగింది చెంచులక్ష్మి.

“చాలు.”

చెంచులక్ష్మి గరిటె పక్కన పెట్టింది. నిరోష పెట్టె తెరిచి, మడతపెట్టిన చీరలన్నీ ఒక్కొక్కటే తీసి మంచం మీద పేర్చింది.

నిరోష నవ్వు ఆగిపోయింది. “అత్తయ్యా, ఏంటిది?”

చెంచులక్ష్మి ఖాళీ పెట్టెను తన గది వైపు లాక్కెళ్తూ చెప్పింది.

“మెయిలొచ్చిన ఫోను నాది, పీహెచ్‌డీ నాది, రేపు పోయేది నేను. నువ్విక్కడే ఉండు.”