వెదురు కణుపులు

"వెదురు బద్ద మీద రందా పెట్టకు."

గుమ్మంలోంచి ఎవరో అన్నారు. చిత్రిక పట్టే రందా చేతిలో ఉండగానే రాజేశం తలెత్తాడు. మాసిన ధోవతి, చేతిలో నలిగిన బస్సు టికెట్టు, డెబ్బై దాటిన మనిషి.

కోరుట్లలో అతని వడ్రంగి దుకాణానికి వచ్చేవాళ్లు తలుపో మంచమో కావాలంటారు. పని ఎలా చేయాలో ఎవరూ చెప్పరు.

"ఎవలు నువ్వు?"

"మాది వీర్నపల్లి. లచ్చయ్యంటరు. నీ బిడ్డకు విల్లు చేస్తున్నవని మా ఊరోళ్ల ఫోన్ల చూసిన."

ఆ వీడియో రాజేశం పెట్టిందే. రెండు టేకు బద్దలు, వాటి మీద ఒక వెదురు బద్ద, నడుమ జిగురు, పొడవునా బిగించిన క్లాంపులు. తొమ్మిది రోజులు ఆరబెట్టి నిన్ననే విప్పాడు. వచ్చే ఆదివారం జగిత్యాలలో విలువిద్య జిల్లా జట్టు ఎంపిక. కూతురు వర్షకు పదహారేళ్లు. జట్టులో పేరొస్తే క్రీడల హాస్టల్లో సీటు.

"దీన్ని చూడనీకె గింత దూరమొచ్చినవా?"

"చెప్పనీకె వచ్చిన. కణుపులు గట్లనే ఉండనియ్యి. సాపు చేస్తే పైపొర తెగుతది. వంచినప్పుడు బలమంత గా పొరదే."

రాజేశం నవ్వాడు. దుబాయిలో పద్దెనిమిదేళ్లు రందా పట్టిన చేయి అతనిది. అక్కడ ఫోర్‌మన్ చెక్క మీద అరచేయి రాసి చూసేవాడు. ఎక్కడైనా గరుకు తగిలిందా, అందరి ముందూ మళ్లీ చేయించేవాడు. ఊరికొచ్చి ఆరేళ్లయినా ఆ అరచేయి తన వెనకే ఉన్నట్టుంటుంది రాజేశానికి.

"నువ్వెన్ని విళ్లు చేసినవ్ కాకా?"

"ఒకటి."

"ఒక్కటి చేసి నాకు సదువు చెప్పొస్తివా?"

ముసలాయన చేతిలోని టికెట్టును ఇంకా నలిపాడు.

లోపలినుంచి వర్ష వచ్చింది. "చాయ్ తాగుతవా తాతా?"

అతను ఆమె ముఖంలోకి చూసి, చప్పున తల తిప్పుకున్నాడు.

"వద్దు బిడ్డా." ముసలాయన రాజేశం చేయి పట్టుకున్నాడు. "నీ కాల్మొక్త. రందా పెట్టకు."

"గరుకు విల్లు పట్టుకపోతే నా బిడ్డను చూసి నలుగురు నవ్వరా? బస్సు పోతది, నడువు."

ముసలాయన వెళ్లాక రాజేశం కణుపులన్నీ చిత్రిక పట్టాడు. పాలిష్ పెట్టాడు. కొంచెం కసితోనే చేశానని అతనికీ తెలుసు.

జగిత్యాల మైదానంలో పిల్లలు ఆ విల్లును తడిమి తడిమి చూశారు.

"ఏ దుకాణంల కొన్నవే?"

"మా బాపు చేసిండు," అంది వర్ష.

నాలుగో బాణానికి తాడును చెంప దాకా లాగింది. చిత్రిక పట్టిన కణుపు దగ్గర వెదురు చిట్లి లేచింది. విల్లు విరిగింది. ఒక పుల్ల ఆమె కుడి కంట్లో దిగింది.

చూపు ఇక రాదన్నాడు డాక్టరు.

కట్టు విప్పిన రోజు వర్ష ఒక్కటే అడిగింది. "మంచిగనే చేసినవ్ గద బాపూ. ఎందుకిరిగింది?"

రాజేశం మందులు తెస్తానని బయటికి పోయాడు. మర్నాడూ అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే అతనికి భరించరానిదైంది.

నెల తర్వాత వీర్నపల్లి బస్సెక్కాడు. క్షమించమనడానికి కాదు. కాళ్లు మొక్కినవాడివి, కన్ను పోతుందని ఒక్క మాట ఎందుకు అనలేదని నిలదీయడానికి. తప్పులో సగమైనా ఆ ముసలాయనకు అప్పజెప్పి రావాలని దారంతా అనుకున్నాడు.

తలుపు తీసినామెకు నలభై ఏళ్లుంటాయి.

"లచ్చయ్య కాక ఉన్నడా?"

"బాపు పోయి ఇరవై దినాలాయె. ఏ ఊరు మీది?"

"కోరుట్ల. ఒకసారి వచ్చిండు. విల్లు సంగతి చెప్పనీకె."

"యాడ ఎవలు పిల్లలకు విల్లు చేస్తున్నరని ఇంటె చాలు, బస్సెక్కేటోడు. ఆడ ఏం చెప్పేటోడో మాకు తెల్వది."

ఆమె వెలుగులోకి వచ్చింది. ఎడమ కంటి రెప్ప గుంటలోకి దిగి మూసుకుపోయి ఉంది. రాజేశం చూపు అక్కడే ఆగిపోవడం ఆమె గమనించింది. అలవాటైనట్టు నవ్వింది.

"చిన్నప్పుడు నాకూ ఒకటి చేసిచ్చిండన్నా, వెదురుకు పురుగు పట్టి ఇరిగిందని చెప్పిండు," అంది, "మీకేమన్న వేరే చెప్పిండా?"