పదో దినం

"తల ముట్టకు" అన్నాడు ఎల్లస్వామి.

మంగలి నర్సింహ చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. బావి గడ్డ మీద కూర్చున్న చుట్టాలందరూ ఇటు తిరిగారు. జంగయ్య చనిపోయి ఆ రోజుకు పదో దినం. ఎల్లస్వామి ఒక్కడే కొడుకు. తలా మీసమూ గొరిగించుకొని స్నానం చేస్తే గాని తండ్రి కర్మ ముందుకు సాగదు.

"తల తడిపినంక ఆపినోన్ని నిన్నే చూస్తున్న అన్నా" అన్నాడు నర్సింహ.

"ఏమైందిరా?" చిన్నాయన బక్కయ్య లేచి వచ్చాడు.

"సినిమా సగంల ఉన్నది చిన్నాయనా. నాది ఇంక నాలుగు దినాల పని. పన్నెండు దినాలు గీ జుట్టుతోని, గీ మీసంతోని తీసిండ్రు. ఇప్పుడు గుండైతే నన్ను తీసేసి ఇంకొకన్ని పెట్టుకుంటరు."

"విగ్గు పెట్టుకో. ఊర్లె నాటకాలాడినప్పుడు పెట్టుకోలేదా?"

"నాటకం దూరంకెళ్లి చూస్తరు. కెమెరా మొకం మీదికే వస్తది."

"అంటే మా అన్న కంటె నీకు కెమెరానే ఎక్కువాయె."

"పెద్ద హీరో మరి!" అంది వెనకనుంచి ఒక ఆడమనిషి. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఫోన్ మోగింది. ఎల్లస్వామి తడి తలతోనే మోటరు స్టార్టర్ డబ్బా దాకా నడిచాడు.

"ఎల్లస్వామి గారూ, కంటిన్యుటీ జాగ్రత్త" అన్నాడు డైరెక్టర్. "మీ మీసం పోతే నా సినిమా పోతుంది."

"మా వాళ్లు ఒప్పుకుంటలేరు సార్. ఇయ్యాల పదో దినం."

డైరెక్టర్ మెల్లగా అడిగాడు. "అసలు అక్కడ ఏం చేస్తారు?"

పది రోజుల్లో అతన్ని అంత మెత్తగా అడిగినవాళ్లు లేరు. ఎల్లస్వామి అంతా చెప్పాడు. తండ్రి ఫోటో ఎక్కడ పెట్టారో, ఎవరు ఎటు కూర్చున్నారో, మేనమామ కొత్త టవల్ పట్టుకొని ఎలా నిలబడ్డాడో. తల్లి ఇటు చూడలేక బావిలోకి చూస్తూ ఉందని కూడా చెప్పాడు.

"అర్థమైంది. ఎలాగో నచ్చజెప్పి రండి" అని డైరెక్టర్ ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి వచ్చేసరికి బక్కయ్య సిద్ధంగా ఉన్నాడు.

"ఎవడురా ఆయన? ఆయనకు తండ్రి లేడా?"

"నాలుగు దినాలే చిన్నాయనా."

"ఏ దినం జేసేటిది ఆ దినమే చెయ్యాలె. సావు నీ షూటింగ్ చూసుకొని వస్తదా?"

ఎల్లస్వామి కూర్చోబోయాడు, మళ్లీ లేచాడు. చెవి పక్కనుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

బావి దగ్గర్నుంచి తల్లి అండాలు వచ్చింది.

"బక్కయ్యా, జర ఆగు. మీ అన్న వీని సినిమాలు పందొమ్మిది చూసిండు. 'యాడున్నడే, యాడున్నడే' అనుకుంటనే సినిమా అయిపోతుండె. ఒక్కదాంట్ల గూడ దొరకలే." కొడుకు వైపు తిరిగింది. "గీ సినిమాల దొరుకుతవా?"

"దొరుకుతనమ్మా. మొదటికెళ్లి చివరిదాకా ఉంట. పాత్రకు పేరు గూడ ఉన్నది."

"అయితే పో. నాలుగు దినాలు. ఐదో దినం గిదే జాగల కూసోవాలె. గీ తల మీ బాపుది. మర్శిపోకు."

బక్కయ్య కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. నర్సింహ కత్తి మడిచాడు.

షాద్‌నగర్ దగ్గర షూటింగ్‌లో ఎల్లస్వామికి కుదురు లేదు. అద్దం ముందు కూర్చుంటే కళ్లు మూసుకునేవాడు. షాట్‌కూ షాట్‌కూ మధ్య చెయ్యి మీసం మీదికి పోయేది. ఎవరు పిలిచినా ఉలిక్కిపడేవాడు.

"ఆ తహతహ బాగుంది. అలాగే ఉంచండి" అన్నాడు డైరెక్టర్.

రోజూ పొద్దున తల్లి ఫోన్ చేసేది.

"ఇంకెన్ని?"

"మూడు."

మరునాడు, "రెండు."

ఆ మరునాడు, "ఇంకొక్కటేనమ్మా. ఎల్లుండి పొద్దుగాల్నే రమ్మని నర్సింహకు చెప్పు."

"చెప్పిన. చిన్నాయనకు గూడ చెప్పిన. వస్తనన్నడు."

ఆ మాట విన్నాక అతను మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

నాలుగో రోజు సంచి సర్దుకొనే లొకేషన్‌కి వెళ్లాడు. పని అవగానే అటునుంచే ఇంటికి కల్వకుర్తి బస్సు ఎక్కాలి. ఆ రోజు షూటింగ్ ఊరి బయట పొలాల్లో. డైరెక్టర్ ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ సీన్లన్నీ నిన్నటితో అయిపోయాయి. ఇక కంటిన్యుటీ గొడవ లేదు."

ఎల్లస్వామి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే ఇగ పోవచ్చా సార్? మా అమ్మ ఎదురుచూస్తాంది."

"ఒక్కటే సీను. కొత్తది. ఆ రోజు మీరు ఫోన్‌లో చెబుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ రాత్రే కూర్చొని రాశాను. సినిమా మొత్తానికి అదే ప్రాణం. జనం మిమ్మల్ని ఇక మర్చిపోరు."

మాట్లాడుతూనే చెయ్యి పట్టుకొని గట్టు దాటించాడు. అక్కడ ఒక వ్యవసాయ బావి. చుట్టూ మూడు కెమెరాలు. గడ్డ మీద పాతిక మంది కూర్చొని ఉన్నారు. కొత్త టవల్ పట్టుకొని ఒకతను నిలబడ్డాడు. తెల్ల చీర కట్టుకున్న ముసలామె బావిలోకి చూస్తోంది.

ఎల్లస్వామి చెయ్యి మీసం మీదికి పోయింది.

"కూర్చోండి, తల తడుపుతారు" అన్నాడు డైరెక్టర్, గొంతు తగ్గించి. "రెండో టేకు ఉండదు. సినిమాలో మీ నాన్న పోయి ఇవాళ పదో రోజు."