నిలబడి పడేవాళ్ళకి

"నంబరొచ్చేసింది గ్లోరీ" అంటూ ప్రేమ్ కిరణ్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి పెనం మీద పెసరట్టు మాడిపోయింది. గ్లోరి దాని వంక చూడనైనా లేదు. పెళ్ళయిన నెలకే కొన్న నీలం రంగు స్పోర్ట్స్ బైకు, నంబరొచ్చాకే రోడ్డెక్కాలని ఇన్నాళ్ళూ వరండాలోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే దాన్ని అద్దంలా తుడిచేది అత్తగారు. సాయంత్రాలు కొత్త దంపతులిద్దరూ దాని మీదెక్కి, ఎటూ వెళ్ళకుండానే టీ తాగేవాళ్ళు.

"రేపు రెండో శనివారం. పొద్దున్నే నెమలి ఊరి దాకా వెళ్ళొద్దాం" అన్నాడు ప్రేమ్.

"క్రాష్ గార్డు పెట్టించాకే. అప్పటిదాకా నేను ఎక్కను."

"గార్డు పెడితే అందమంతా పోద్ది. గేదె కొమ్ములు అతికించినట్టుంటుంది. స్లైడర్లు చాలు."

"ఎక్కను."

"టీ తాగడానికి ఎక్కావుగా?"

"అప్పుడది కదల్లేదుగా."

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడైంది. అత్తగారు హన్నమ్మ. మోపెడ్ మీద వినగడప దాకా వెళ్ళి పసిపిల్లలకి టీకాలు వేసొచ్చే నర్సమ్మ. ఆ ఇంట్లో ఏ తగువైనా చివరికి ఆవిడ మాటతోనే తేలుతుంది.

"పదండి, షాపుకి నేనూ వస్తా" అందావిడ.

గ్లోరికి ధైర్యం కాస్త సడలింది. కొడుకు ఏదంటే అదే అంటుందేమో. అయినా మాట మాటే. ప్రేమ్ ఒక్కడే బండి మీద బయల్దేరాడు. వెనకాలే షేర్ ఆటోలో అత్తాకోడళ్ళు.

బస్టాండు దగ్గర షాపు జోజిబాబుది. రెండు రకాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇనప పైపు గార్డు, ఇంజనుకి రెండు పక్కలా చేతులు చాపినట్టు నిలబడేది. రెండోది స్లైడరు, పిడికిలంత నల్లటి బుడిపె.

ప్రేమ్ తల్లికి పాఠం మొదలుపెట్టాడు. "చూడమ్మా, స్పీడులో పడితే బండి ఈ బుడిపె మీద జారుకుంటూ పోతుంది. పైపు గార్డయితే రోడ్డు మీద ఎక్కడో తగులుకుని పల్టీ కొట్టిస్తుంది."

"సార్ చెప్పింది నిజమేనండి" అన్నాడు జోజిబాబు. "స్పీడులో పడేవాళ్ళకి బుడిపె. నిలబడి పడేవాళ్ళకి గార్డు."

"నిలబడి ఎవడయ్యా పడేది?"

"మన తిరువూరులో ఎక్కువ మంది అలాగే పడతారు సార్. ఇంటి ముందు తిప్పుకునేటప్పుడు, స్టాండు సరిగ్గా పడక, ఇసకలో కాలు జారి. నా షాపు నడిచేదే వాళ్ళ మీద."

గ్లోరి నవ్వాపుకోలేకపోయింది. "ఏవండీ, మీరు స్పీడులో పడదామనుకుంటున్నారా?"

"నేను అసలు పడనే పడను."

"పడనివాళ్ళకి ఏదైతే ఏంటి? నాకు నచ్చింది పెట్టించండి."

జోజిబాబు మొహం పక్కకి తిప్పుకుని స్పానర్లు సర్దసాగాడు.

హన్నమ్మ ఇదేమీ పట్టనట్టు బండి చుట్టూ తిరుగుతోంది. సీటు ఎత్తు నడుముతో కొలుచుకుంది. హ్యాండిలుకి ఎడం పక్కనున్న క్లచ్‌ని, సంతలో వంకాయ లేతదో ముదరో చూసినట్టు ఒకటికి రెండుసార్లు నొక్కింది. తర్వాత గార్డుని చేతుల్లోకి తీసుకుని బరువు చూసింది.

"జోజీ, బండి పక్కకి ఒరిగితే, కాలు కింద నలగకుండా ఇది ఆపుద్దా?"

"ఆపుద్ది నర్సమ్మగారూ."

"మళ్ళీ పడితే?"

"మళ్ళీ ఆపుద్ది."

"ఆ తర్వాత కూడా?"

"అమ్మా, నేను ఎన్నిసార్లు పడతాననుకుంటున్నావు?" అన్నాడు ప్రేమ్.

హన్నమ్మ ఆ మాట విననట్టే "గార్డే బిగించు జోజీ" అంది.

గ్లోరికి అక్కడే అత్తగారిని వాటేసుకోవాలనిపించింది. కోడలి కాళ్ళ కోసం కన్నకొడుకు మాటే తోసేసింది మరి. ప్రేమ్ కాసేపు మూతి ముడుచుకున్నాడు. బిగించడం అయ్యాక బండికి అటూ ఇటూ నిలబడి చూసి, "మరీ అంత గేదెలా ఏం లేదులే" అని ఒప్పుకున్నాడు.

"ప్రార్థన చేసుకుందాం రండి" అంటూ హన్నమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. నలుగురూ బండి మీద తలా ఒక చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, ఈ బండి నడిపే చేతుల్ని బలపరచు. గుండెలో బెరుకు తీసెయ్యి. అడ్డమొచ్చే కుక్కల్ని నువ్వే పక్కకి తోలు..."

కుక్కల దగ్గర గ్లోరికి నవ్వొచ్చి ఒక కన్ను తెరిచింది. తన చెయ్యి సీటు మీద. ప్రేమ్ చెయ్యి ట్యాంకు మీద. అత్తగారి చెయ్యి క్లచ్ మీద. కొడుకంటే ఎంత ప్రేమో, ఆ చేతులు పట్టుకునే చోటే పట్టుకుని ప్రార్థిస్తోంది అనుకుని, కన్ను మూసుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

"ఇక రేపు పొద్దున్నే నెమలి. ఇప్పుడైనా ఎక్కుతావా?" అన్నాడు ప్రేమ్.

"ఎగిరి కూర్చుంటా."

"నెమలి సాయంత్రం వెళ్దురుగాని" అంది హన్నమ్మ, తలమీది కొంగు దింపి నడుముకి బిగించుకుంటూ. "రేపు పొద్దున్నే ముగ్గురం కాలేజీ గ్రౌండుకి వెళ్దాం. గ్లోరీ, నువ్వు గేటు దగ్గర నిలబడి కుక్కల్ని లోపలికి రానివ్వకు. ఒరేయ్ కిరణూ, నా మోపెడ్‌కి క్లచ్ లేదుగా, అదెప్పుడు వదలాలో నువ్వు వెనక కూర్చుని చెబుదువుగాని."