తెలుగు పంతులు

“నాన్నా, వాళ్లొచ్చాక నువ్వు నవ్వితే చాలు. నోరు విప్పకు,” అంది కూతురు, తండ్రి చొక్కా కాలరు సరిచేస్తూ.

“అట్లే. నేను మౌనముగా ఉండెదను,” అన్నాడు తండ్రి. అని, ఆమె ముఖంలోకి చూశాడు. ఏ మాటన్నా చివర అలా చూడటం ఆయనకు అలవాటు. ఆమెకు ఒళ్లు మండింది.

ఆమెది రేడియోలో కబుర్లు చెప్పే ఉద్యోగం. గలగలా మాట్లాడుతుందని శ్రోతలు వసపిట్ట అని పేరు పెట్టారు. నోటి దురద కొద్దీ ఓసారి మైకులో, “నా మాటలేం చూశారు, మా నాన్న మాట్లాడితే పొట్ట చెక్కలే” అని కోసేసింది. ఆ కోతే మెడకు చుట్టుకుంది. ఉదయం కార్యక్రమం ఆమెకివ్వాలా వద్దా తేల్చాల్సిన పెద్దసారు, తండ్రీకూతుళ్ల ముచ్చట్లు వినాలని రికార్డిస్టును వెంటబెట్టుకుని ఇంటికే వచ్చేశాడు.

టీ కప్పుల మధ్య మైకు పెట్టారు.

“ఏం బాబాయిగారూ, మీ అమ్మాయి ఇంట్లో కూడా ఇంతేనా?”

తండ్రి నవ్వాడు. పెద్దసారు మళ్లీ అడిగాడు. మళ్లీ నవ్వాడు. ఇంకా ఊరుకుంటే మర్యాద కాదనుకున్నాడేమో, చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

“ఈమె మా అమ్మాయి. ఈమె ప్రతిదినము ఉదయమున నిద్ర లేచును. పెద్దలను గౌరవించును.”

రికార్డిస్టు వైర్లు సర్దే మిషతో తల వంచుకున్నాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. తండ్రి కూతురి వైపు చూశాడు. ఆమె గడియారం వైపు చూసింది. తల కొట్టేసినట్టయింది.

“మీరేం చేసేవారండీ?” అన్నాడు పెద్దసారు, నవ్వు ఆపుకుంటూ.

“తెలుగు పంతులండీ,” తండ్రి నోరు తెరిచేలోపే అందుకుంది కూతురు. “బళ్లో పాఠాలు చెప్పీ చెప్పీ ఇంట్లోనూ అదే భాష. మాకు అలవాటైపోయిందిలెండి.”

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. తల్లి గుమ్మంలోకొచ్చి కూతుర్ని ఓ చూపు చూసి, లోపలికి వెళ్లిపోయింది. ఉలి గాట్లున్న చేతుల్ని తండ్రి మెల్లగా బల్ల కిందికి దించుకున్నాడు.

పెద్దసారు మొహం వెలిగిపోయింది. “పంతులు నాన్న, వసపిట్ట కూతురు. భలే కుదిరింది. ఉదయం కార్యక్రమం నీదేనమ్మా. బాబాయిగారూ, ఆ పంతులు ముక్క మీ నోటితో ఒక్కసారి చెప్పండి. దాంతోనే మొదలుపెడదాం.”

రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగింది. తండ్రి నుదుటికి చెమట పట్టింది. కాసేపు పెదాలు లోపల్లోపలే కూడబలుక్కున్నాయి.

“నేను... పంతులును. పిల్లలకు... పాఠములు చెప్పితిని.”

చెప్పి, సరిగా వచ్చిందా అన్నట్టు కూతురి ముఖంలోకి చూశాడు.

ఆమెకు భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది. ఈసారి ముఖం తిప్పుకోలేకపోయింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, సరేనన్నట్టు తలూపింది.

పరంజా మీంచి పడి మాటలన్నీ పోగొట్టుకున్న ఆ వడ్రంగికి, బడి నుంచి రాగానే తన వాచకం ముందు పెట్టుకుని, తప్పయితే అడ్డంగా ఒప్పయితే నిలువుగా తలూపుతూ, ‘అమ్మ’ దగ్గర్నుంచి ఒక్కొక్క మాటే మళ్లీ నేర్పిన ఎనిమిదేళ్ల పంతులు ఆమే.