అడగకుండా తీసుకున్న పాట

“అది నా రికార్డింగ్. నన్నడగకుండా నెట్‌లో ఎందుకు పెట్టావు? నీ ఛానెల్ మీద ఊరు కిచెనర్ అని ఉంది. నేను అక్కడికి గంట దూరంలో, ఎటోబికోలో ఉంటాను. ఆదివారం ఒకసారి రా.”

కింద అపార్ట్‌మెంట్ అడ్రసు ఉంది. పేరు లేదు. పేరుండాల్సిన చోట మల్లెపూల బొమ్మ ఉంది.

మధుమిత ఫోన్‌ని స్వీటీ చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుతూ ఒకే బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు.

“ఎవరే ఈవిడ?” అంది స్వీటీ.

“ఇంకెవరు? లక్ష్మీకాంతం.”

తత్వాలు పాడే లక్ష్మీకాంతం ఏ రికార్డు కంపెనీకీ పాడలేదు. కచేరీలో ఎవరైనా టేపురికార్డరు బయటికి తీస్తే మధ్యలోనే పాట ఆపేసేదట. ఆవిడ ఫోటో కూడా ఎక్కడా దొరకదు. పాడటం మానేశాక ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు. తెనాలిలో పాడిన ఒక్క కచేరీ మాత్రం ఎలాగో టేపుకెక్కి, పాత పాటల పిచ్చివాళ్ల గ్రూపు ఒకదానిలో నలభై ఏడు నిమిషాల ఫైలుగా తిరుగుతోంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కానీ బయట పెట్టకూడదు. మధుమిత పెట్టేసింది. కెనడా వచ్చిన మొదటి చలికాలమంతా ఆ గొంతే తనకు తోడు. అది ఇంకెవరికైనా తోడుగా ఉంటుందనుకుంది. రెండు వారాల్లో ముప్ఫై వేలమంది విన్నారు.

“కాపీరైట్ కేస్ అయితే స్టడీ పర్మిట్ పోతదా?” అని అడిగింది.

“ఏమో. సినిమా డౌన్‌లోడ్ చేశారని మా కజిన్ వాళ్లింటికి నోటీసొచ్చింది. ఓనర్ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ముందు డిలీట్ చేసి ఆవిడ్ని బ్లాక్ చెయ్.”

“దొంగతనం చేసి పారిపోయినట్టుంటది. పోయి ఆమె ముందే తీసేస్త.”

“నీకు పిచ్చి,” అంది స్వీటీ. అన్నదే గానీ, ఆదివారం పొద్దున మధుమితకు తన మందపాటి కోటు తెచ్చిచ్చింది.

పదకొండో అంతస్తులో తలుపు తీసినావిడకు డెబ్భై దాటి ఉంటాయి. సన్నగా, కాస్త వంగి ఉంది. మధుమిత బూట్లైనా విప్పకముందే వంగి ఆవిడ పాదాలు ముట్టుకుంది.

“తప్పయింది అమ్మా.”

“అయ్యో, లే తల్లీ. ముందు లోపలికి రా, చలి.”

కాఫీ ఇచ్చింది. తనూ ఒక గ్లాసు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

“ఎక్కడ దొరికింది నీకది?”

“నెట్‌ల, ఒక గ్రూపుల డౌన్‌లోడ్ చేసిన. మీరు రికార్డింగులకు ఒప్పుకోరని తెలుసమ్మా. తెలిసే పెట్టిన. డబ్బుల కోసం కాదు. వద్దంటే ఇప్పుడే తీసేస్త.”

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. “అది విని నీకు ఇంకెవరైనా రాశారా?” అని అడిగింది.

“శాన మంది కామెంట్లు పెట్టిన్రు.”

“అలా కాదు. ఇది నాది అని, ఎందుకు పెట్టావని, ఎవరైనా?”

“మీరొక్కరే.”

పెద్దావిడ ముఖం వాడిపోయింది. హక్కుల కోసం ఇంకెవరో కాచుకుని ఉన్నారని భయపడుతోందేమో అనుకుంది మధుమిత.

“ఒకసారి పెట్టు, వింటాను,” అందావిడ. “నా దగ్గర మిగిలిన కాపీ బూజుపట్టి పోయి పాతికేళ్లయింది.”

మధుమిత ఫోన్‌ని బల్లమీద పెట్టింది. చిన్న దగ్గు, తంబురా, ఆ వెనకే ఆ గొంతు. కిటికీ అవతల విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. పెద్దావిడ కళ్లు మూసుకుంది. ప్రతి చరణానికీ ముందే ఆవిడ పెదాలు కదులుతున్నాయి. మూడో తత్వం దగ్గర చెంపలు తడిశాయి. మధుమితకు ఊపిరి తీసుకోవాలన్నా మొహమాటంగా ఉంది. ఇన్నేళ్లుగా ఎవరూ చూడని మనిషికి ఎదురుగా కూర్చుని, ఆవిడ పాటే ఆవిడతో కలిసి వింటున్నానని ఒళ్లు జలదరించింది.

పాట అయిపోయింది.

“అమ్మా, అడగొద్దేమో... ఒక్క ముక్క పాడతారా?”

ఆవిడ తడికళ్లతోనే నవ్వింది. “నా గొంతు పాటకి పనికిరాదమ్మా.”

ఇక ఆలస్యం చేయకూడదనుకుంది మధుమిత. ఛానెల్ తెరిచి, డిలీట్ గుర్తు మీదికి వేలు తెచ్చింది. “మీ ముందే తీసేస్తున్న. గ్రూపుల కూడా తీసెయ్యమని చెప్త. నా పర్మిట్ సంగతి మాత్రం మీ దయ.”

పెద్దావిడ చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు. ఆవిడ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. వింటుంది. విన్ననాడు కోపమొచ్చి నీకు రాస్తుంది.”

“ఎవరమ్మా?”

“లక్ష్మీకాంతంగారు,” అంది పెద్దావిడ. “రాస్తే నాకు కబురు చెయ్యి తల్లీ, ఇద్దరం కలిసే వెళ్లి క్షమించమని అడుగుదాం. ఆవిడ వద్దని చేతులు జోడించి చెప్పినా వినకుండా, ఆ రోజు ఒళ్లో టేపురికార్డరు పెట్టుకుని పైన శాలువా కప్పుకుని కూర్చున్నది నేనే.”